లెక్కలు మనకు రావన్నదెవరు?

జూన్ నెల వచ్చిందంటే మన వాడల్లో ఒక తంతు నడుస్తది. పది పాసైన పిల్ల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిల పెట్టుకొని, కూలి ఎగ్గొట్టి వచ్చిన అయ్యను ఎంటబెట్టుకొని ఇంటర్‌ల చేరనీకి పోతది. బల్ల అవతల కూసున్నాయన మార్కుల మెమో కంటే ముందు కులం సర్టిఫికెట్ చూస్తడు. చూసి, ఎంతో దయగల్ల మాట ఒకటి అంటడు: "ఎంపీసీ ఎందుకమ్మా, లెక్కలు మస్తు కష్టం, మీకు రావు. సీఈసీ తీసుకో, సల్లగ పాసైతవ్." అయ్య దండం పెడతడు. పిల్ల తలకాయ ఊపుతది. రెండు నిమిషాల్ల పని అయిపోతది. ఆ రెండు నిమిషాల్ల ఏం పోయిందో ఆ ఇంట్ల ఎవరికీ ఎరుక కాదు.

1985ల కారంచేడు జరిగితే మనం అడిగినం. 1991ల చుండూరు జరిగితే అడిగినం. గొడ్డలి పట్టినోని పేరు కాగితం మీదికి ఎక్కేదాక ఊకోలేదు. కానీ ఈ బల్ల కాడ నెత్తురు కారదు. సాక్షి ఉండడు. కేసు కాదు. పైగ ఆ మాట అన్నాయన తాను మేలు చేసిన అనుకొని ఇంటికి పోయి బువ్వ తింటడు. అందుకనే దీని మీద మన సభల్లో తీర్మానం లేదు, మన గోడల మీద నినాదం లేదు. ఇయ్యాల ఆ బాకీ కొంత తీర్చుకుందామని కూసున్నం.

ముందు బాబాసాహెబ్ సంగతి. ఆయనకు సంస్కృతం సదువుకోవాలని ఉండె. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్ల అంటరాని పిలగానికి సంస్కృతం చెప్పమన్నరు. పర్షియన్ తీసుకోక తప్పలేదు. అదే బడిల ఒకనాడు మాస్టరు లెక్క చెయ్యమని ఆయనను నల్లబల్ల కాడికి పిలిచిండు. క్లాసంత ఒకటే లొల్లి! ఎందుకంటే సవర్ణ పిల్లల సద్దిగిన్నెలు నల్లబల్ల ఎనక ఉన్నయి. అందరు ఉరికొచ్చి ఎవరి గిన్నె వాళ్లు గుంజుకున్నంకనే ఆ లెక్క మొదలైంది. 1907ల మెట్రిక్ పాసైండు. మార్కులు 750కి 282. ఆ మార్కులు చూసి మన బల్ల అవతలాయన అయితే ఏ గ్రూపు రాసిచ్చునో! ఆ 282 మార్కుల పిలగాడే కొలంబియా పోయి, లండన్ పోయి, 1923ల 'రూపాయి సమస్య' అనే పుస్తకం అచ్చేసిండు. దేశం నాణెం విలువ ఎట్ల నిలబెట్టాలన్న అంకెల మీద తెల్లదొరల పండితులతోటి వాదులాడిండు. రాజ్యాంగం రాసిన చెయ్యి మనకు గుర్తున్నది. అంతకు ముందు ఆ చెయ్యి లెక్కలు చేసిన సంగతి మన జయంతి సభల్లో ఎంతమంది చెప్తున్నరు?

సంస్కృతం తలుపు ఇయ్యాల ఎవరికైన తీసే ఉన్నది. దానితోటి అధికారం రాదు కాబట్టి. కార్పొరేట్ కాలేజీల్ల పిల్లలు రెండో భాషగ సంస్కృతమే తీసుకుంటరు, భక్తితోటి కాదు, మార్కులు సులువుగ పడతయని! అసలు తాళం లెక్కల తలుపుకు మారింది. ఏండ్లకేండ్లుగ ఇంటర్ లెక్కలు నాలుగు పేపర్లుగ నడిచినయి. 1ఎ, 1బి, 2ఎ, 2బి. ఒక్కోటి 75 మార్కులు. మొదటేడు సదిశలు, రెండోయేడు ప్రస్తారాలు-సంయోగాలు, సంభావ్యత. పదో తరగతి పుస్తకంల సదిశ అన్న మాటే లేదు, ప్రస్తారం అన్న మాటే లేదు. అంటే మెట్టు కాదు, గోడ. ఆ గోడ దాటనోనికి ఇంజనీరింగ్ లేదు. ఎంసెట్ అని పిలుసుకున్న రాష్ట్ర పరీక్ష, 2024 నుంచి ఈఏపీసెట్ అంటున్నరు, అందుల ఇంజనీరింగ్ పేపరు 160 ప్రశ్నలైతే 80 లెక్కలే.

సీట్లల్ల మనకు 15 శాతం ఉన్నది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నది. 1994ల మొదలైన దండోరా ముప్ఫయేండ్లు మోగితే 2025ల తెలంగాణల వర్గీకరణ చట్టం వచ్చింది, ఆ 15ను 1, 9, 5గ మూడు గ్రూపులకు పంచిన్రు. మాల మాదిగలు ఎవరి వాటా ఎంతనే దాని మీద ఎంత కొట్లాడుకున్నరో అందరికీ ఎరుకే. ఆ కొట్లాట తప్పని మేం అంటలేం. వాటా తేలింది సరే, ఆ వాటా అందుకునేటందుకు మన పిల్ల ఎంపీసీ క్లాసుల కూసున్నదా? పదహారేండ్లకే సీఈసీ అని రాసి పంపిచ్చినంక, ఇంజనీరింగ్ సీట్ల 9 శాతం ఉంటే ఏంది, 90 శాతం ఉంటే ఏంది?

సీఈసీ సదివినోళ్లను మేం తక్కువ చేస్తలేం. మాలో ఎక్కువమందిమి సీఈసీ వాళ్లమే. ఇష్టపడి పోతే అది గ్రూపు. తోస్తే పోయేది వాడ.

మాది పాపన్నపేట దిక్కు. ఒకప్పుడు సంస్థానం. మా మండలంల మంజీర ఏడు పాయలుగ చీలుతది, అక్కడ వనదుర్గమ్మ గుడి, శివరాత్రికి జాతర. ఎగువన సింగూరు గేట్లు ఎత్తిన్రంటే గుడి ముందల నీళ్లే. 1905ల కట్టిన గణపురం ఆనకట్ట ఇక్కడిదే. మంజీర నీళ్లు పైపుల్ల పడి హైదరాబాద్ పోయినట్టే, ఫీజు కట్టగలిగినోళ్ల పిల్లలు ఎంపీసీ కోసం హైదరాబాద్ పోతరు. మిగిలినోళ్లం మనం. 2008ల ఐఐటీ హైదరాబాద్ పుట్టింది ఎక్కడనుకున్నరు? మన పాత మెదక్ జిల్లాలనే, ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల. ఆ తర్వాత కంది కాడ పెద్ద క్యాంపస్ కట్టిన్రు, అదీ అప్పటి మెదక్ జిల్లానే. పేరు మాత్రం హైదరాబాద్! పాపన్నపేటల పొద్దుగాల బస్సెక్కితే పగటీలికి కంది చేరొచ్చు. కానీ మన వాడ నుంచి ఆ గేటు లోపలికి బస్సు దూరం కాదు, ఆ నాలుగు పేపర్ల దూరం.

లెక్కకు మనకు ఉన్న పగ ఇయ్యాలటిది కాదు. తెలుగుల లెక్కల పుస్తకం వెయ్యేండ్ల కిందనే ఉన్నది. 11వ శతాబ్దంల పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్ల చెప్పిండు. ఆ పద్యాలు ఎవరింట్ల కంఠస్తం చేసిన్రు? కరణం ఇంట్ల, పట్వారి ఇంట్ల. మన ఇంట్లకు ఆ లెక్కల జవాబు మాత్రమే వచ్చింది, అదీ బాకీ రూపంల. రెండు తూముల వడ్లు అప్పు తెస్తే నాలుగేండ్లకు కొడుకును జీతానికి పెట్టాల్సొచ్చె. వడ్డీ ఎట్ల పెరిగిందని అడిగెటందుకు లెక్క రాదు. లెక్క రాదు కాబట్టి వేలు ముద్ర. ఏకలవ్యుని బొటనవేలు కోసుకున్నరు. మన తాతల బొటనవేలు కోయలే, కాగితం మీద ముద్రకు పనికొస్తదని ఉంచిన్రు. 1980ల నడుమ ఎన్‌టీఆర్ సర్కారు పటేల్-పట్వారీలను తీసేసేదాక ఆ దస్తరం వాళ్ల చేతులనే ఉండె. పట్వారి పోయిండు, దస్తరం పోలేదు. ఇయ్యాల బ్యాంకుల, ఇన్సూరెన్సుల, సెలక్షన్ కమిటీల, కంప్యూటర్ల లోపల ఉన్నది. దాన్ని చదవాలంటే పద్యం సరిపోదు, సంభావ్యత కావాలె.

అసలు మనకు లెక్కలు రావా? చూద్దాం.

గణన మూల సూత్రం అని పుస్తకంల పెద్ద అక్షరాల్ల ఉంటది. సంగతి ఇంతే. వాడ నుంచి రోడ్డు మీదికి 3 బాటలున్నయి, రోడ్డు మీద మెదక్‌కు 4 బండ్లున్నయి, మొత్తం ఎన్ని తీర్ల మెదక్ పోవచ్చు? 12. మూడు నాల్ల పన్నెండు. ఇది రానోడు మన వాడల ఉన్నడా? ఇంక ముందుకు పోదాం. డప్పు మీద ఎనిమిది దెబ్బల వరుస తీసుకోండి. ఒక్కో దెబ్బ కాడ మూడు దారులు. సిర్రతోటి కొట్టొచ్చు, సిటికెన పుల్లతోటి కొట్టొచ్చు, ఊకోవచ్చు. ఎన్ని వరుసలైతయి? మూడును ఎనిమిదిసార్లు గుణించాలె. 6,561. మన పెద్దమనిషి చావు దెబ్బ, పెండ్లి దెబ్బ, జాతర దెబ్బ అని వేరుచేసి వాయిస్తడంటే ఈ 6,561ల నుంచి ఏరుకుంటున్నడన్నట్టు. ఆయనకు అంకె తెల్వదు, ఏరుకునుడు తెలుసు. అంకె చెప్పాల్సింది బడి.

బడి చెప్పిందా? తెలుగు క్లాసుల మన పిల్లలు గురువు, లఘువు గుర్తుపెట్టి గణాలు విడగొడతరు. మూడక్షరాల గణాలు ఎనిమిది అని బట్టీ పడతరు. ఎనిమిదే ఎందుకు, తొమ్మిది ఎందుకు కాలేదు? ఒక్కో అక్షరానికి రెండు దారులు, గురువో లఘువో. రెండు రెండ్ల నాలుగు, నాలుగు రెండ్ల ఎనిమిది. అంతే! ఇంటర్ పుస్తకంల 'ప్రస్తారం' అన్న మాట ఈ ఛందస్సు నుంచే వచ్చింది, పింగళుని కాలం నుంచి ఉన్న మాట. తెలుగు సారుకు ఈ సంగతి లెక్కల సారు చెప్పడు, లెక్కల సారుకు తెలుగు సారు చెప్పడు. పిల్ల మాత్రం రెండు దిక్కులా బట్టీ పట్టాలె.

ఇగ ఆ అధ్యాయంల పేరుమోసిన లెక్కలున్నయి. పదిమందిని వరుసగ కూసోబెట్టాలె, ఫలానా ముగ్గురు పక్కపక్కన ఉండొద్దు, ఎన్ని తీర్లు? ఈ లెక్క మనకు కొత్తనా? ఊరు ఊరంత దీన్ని తరతరాలుగ చేస్తనే ఉన్నది! పెండ్లి పంక్తి అనుకోండి. పది ఆకులు వరుసగ ఏసిన్రు. ఏడుగురు ఊరోళ్లు, ముగ్గురు వాడోళ్లు. ఏ రూలూ లేకుంటే మొదటి ఆకు ముందల పదిమందిల ఎవరైన కూసోవచ్చు, రెండో ఆకుకు తొమ్మిదిమంది మిగుల్తరు, మూడోదానికి ఎనిమిది. గుణించుకుంట పోతే 36,28,800 తీర్లు. మనుషుల పేర్లు ఇడిసిపెట్టి, వాడోళ్లకు ఏ మూడు ఆకులు వచ్చినయన్నదే చూస్తే 120 తీర్లు. ఈ 120ల ఊరు వాడింది ఎన్ని? ఒక్కటి. కొసకు ఉన్న మూడాకులు. తక్కిన 119 తీర్లు పుస్తకంల ఉన్నయి, ఊర్ల లేవు. అదీ పంక్తిల కూసోనిస్తే!

ఒకసారి వాడ పిల్లలకు ఈ లెక్క ఇట్ల చెప్పి చూసినం. సంయోగం అంటే ఏందో రెండోసారి చెప్పాల్సిన పని పడలే. పదో తరగతి పాసైన ఒక పిల్ల ఊకోక అడిగింది: "అయితే ఆ 119ల ఒక్కటన్న అనుకోకుండ ఎందుకు రాలేదన్నా?" ఆ ప్రశ్నలనే సంభావ్యత మొత్తం ఉన్నది. ఆ ప్రశ్న అడిగిన పిల్లకు లెక్కలు రావని రాసిచ్చిన్రు.

ఈ అధ్యాయం మనకు ఆయుధమెట్లనో చెప్తం. ఒక కాడ 5 పోస్టులు. 12 మంది అర్హులు వచ్చిన్రు, అందుల నలుగురు మనోళ్లు. పన్నెండుల నుంచి ఐదుగురిని ఏరుకునే తీర్లు 792. మనోళ్లు ఒక్కరు గూడ లేకుండ, తక్కిన ఎనిమిదిల నుంచే ఐదుగురిని ఏరుకునే తీర్లు 56. అంటే కండ్లు మూసుకొని చీటీలు తీసినా 792ల 736 సార్లు మనోళ్లు కనీసం ఒక్కరన్న వస్తరు. రాలేదనుకోండి. ఒక్కసారైతే పోనీ, నూటికి ఏడుసార్లు అట్ల జరగొచ్చు. ఇట్లనే మూడు సెలక్షన్లల్ల వరుసగ ఒక్కరూ రాలేదనుకోండి. చీటీల లెక్కల అట్ల జరిగేది సుమారు 2,800 సార్లకు ఒక్కసారి. ఆ కాగితం పట్టుకొని ఆఫీసు ముందల నిలబడితే వాళ్లేమంటరో మాకు తెలుసు. "చీటీలు ఎయ్యలే, మెరిట్ చూసినం" అంటరు. మంచిది. అయితే మెరిట్ ఎట్ల కొలిచిన్రో, ఇంటర్వ్యూల ఎవరికి ఎన్ని ఏసిన్రో బయటపెట్టమందాం. ఈ లెక్క ఒక్కదానితోటే నేరం రుజువు కాదు, మేం అబద్ధం చెప్పం. కానీ జవాబు చెప్పాల్సిన బరువు మన నెత్తి మీది నుంచి వాళ్ల నెత్తి మీదికి మారుతది. ధర్నాల మన గొంతు పోతది, ఈ అంకె పోదు.

నెత్తి మీది బరువంటే సదిశలు యాదికొచ్చినయి. బలం ఎంతన్నది ఒక్కటే చెప్తే అది అదిశ. ఎంత, ఎటు దిక్కు, రెండూ చెప్తే సదిశ. మంజీరల పుట్టి తోలేటాయన దీన్ని రోజూ చేస్తడు. అవతలి ఒడ్డు మీద ఎదురుంగ ఉన్న చెట్టు కాడికి పోవాలంటే చెట్టు దిక్కు తోలడు, ఎగువకు మొఖం పెట్టి తోల్తడు. నీళ్ల ఉరుకుడు గంటకు 3 కిలోమీటర్లు, తెడ్డు వేగం 5 అయితే, ఎగువకు సుమారు 37 డిగ్రీలు వంచితే పుట్టి నేరుగ 4 కిలోమీటర్ల వేగంతోటి పోయి చెట్టు కాడనే తగుల్తది. సదిశల సంకలనం అంటే ఇదే. ఆయన చేతుల ఉన్నది, ఆయన బిడ్డ పరీక్ష పేపరుల లేదు. రెంటి నడుమ ఉండాల్సిన మనిషి పేరు లెక్చరర్.

అదే అధ్యాయంల అదిశా లబ్ధం వస్తది. పని అంటే బలం, జరిగిన దూరం, రెంటి నడుమ కోణం కొసైన్, మూడిటి గుణకారం. దానికి భౌతికశాస్త్రంల చెప్పే ఉదాహరణ ఉన్నది. నెత్తి మీద బరువు పెట్టుకొని చదును నేల మీద నడిచే కూలిమనిషి ఆ బరువు మీద చేసిన పని సున్న! మోసే బలం నిట్టనిలువు, నడక అడ్డం, నడుమ 90 డిగ్రీలు, దాని కొసైన్ సున్న. మాకు తెలిసిన ఒక పిల్ల క్లాసుల లేసి, "మా అమ్మ పొద్దంత తట్ట మోసింది సున్ననా సార్?" అని అడిగింది. క్లాసంత నవ్వింది. సారు కూసోమన్నడు, రాసుకోమన్నడు. ఆ పిల్ల మళ్ల ఎన్నడూ లేవలే.

సారు ఏం చెప్పాలె? ఇది చెప్పాలె. సూత్రం తప్పు కాదు బిడ్డా. సూత్రంల 'పని' అన్న మాట బరువుకు అందిన శక్తి గురించి మాట్లాడుతది. మీ అమ్మ అలుపు గురించి కాదు. నిలబడి మోసినా కండరాలు లోపల శక్తి ఖర్చు పెడతనే ఉంటయి, అది వేరే లెక్క. తట్ట కింది నుంచి నెత్తికి ఎత్తినప్పుడు, మట్టి గుట్ట ఎక్కినప్పుడు ఈ సూత్రం ప్రకారం గూడ పని సున్న కాదు. కూలి లెక్కగట్టేటందుకు ఈ సూత్రం వాడినోడు మోసగాడు. ఈ నాలుగు మాటలు చెప్పెటందుకు ఐదు నిమిషాలు పడతది. ఆ ఐదు నిమిషాలు ఆ పిల్లకు ఇయ్యలేదు. అవమానం అంటే తిట్టుడొక్కటే అనుకునేటోళ్లు ఈ సంగతి మీద జెర ఆలోచించాలె.

మెదక్ చర్చి చూడని మెదక్ మనిషి ఉండడు. 1914 నుంచి 1924 దాక కట్టిన్రు, 1924 డిసెంబర్ 25న తెరిచిన్రు. కరువు కాలంల పోస్నెట్ దొర పని పెట్టి బువ్వ పెట్టిండని మన ముసలోళ్లు చెప్పుకుంటరు. ఆ 175 అడుగుల గోపురానికి రాళ్లు మోసినోళ్లల్ల, సున్నం మోసినోళ్లల్ల మనోళ్లున్నరు. ఎత్తు తప్పలేదు, గోడ వంగలేదు, వందేండ్లు దాటినా నిలబడ్డది. కోణం తప్పకుండ కట్టిన చేతుల మునిమనవలకు కోణాల పాఠం రాదంటె నమ్మాల్నా?

తెలుగు మీడియంల సదివినోళ్ల తిప్పల ఇంకోటి. సదిశ, అదిశ, ప్రస్తారం, సంయోగం, పరావలయం, అతిపరావలయం, యాదృచ్ఛిక చలరాశి. ఇది ఎవరి తెలుగు? మా అవ్వ తెలుగు కాదు, మీ అవ్వ తెలుగు కాదు. తెలుగుల సదువుకుంటే సంస్కృతం గోడ, అది దాటి ఇంజనీరింగ్ పోతే మొదటి రోజే ఇంగ్లీషు గోడ. 2022-23 నుంచి సర్కారు బడుల్ల ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టిన్రు. మేం దాన్ని అడ్డుకునేటోళ్లతోటి కలవం. తమ పిల్లలను కాన్వెంట్ల సదివించి మన పిల్లలకు మాతృభాష గొప్పతనం చెప్పేటోళ్లను శానామందిని చూసినం. ఇంగ్లీషు కావాలె. కానీ ఇంగ్లీషు పుస్తకం చేతుల పెట్టి, అర్థం చెప్పకుండ బల్ల మీద రాసి, చూసి రాసుకోమంటే అది ఇంగ్లీషు సదువు కాదు, ఇంగ్లీషు అక్షరాల వేలిముద్ర. ముందుగాల సంగతి మన మాటల చెప్పు. పంక్తి అని చెప్పు, పుట్టి అని చెప్పు. అటెనక 'పర్ముటేషన్' అను, 'వెక్టర్' అను, పిల్ల జన్మల మర్చిపోదు.

కార్పొరేట్ కాలేజీల సంగతి ఏం చెప్పాలె! అక్కడ లెక్కలు నేర్పరు, లెక్కల షార్ట్‌కట్లు నేర్పుతరు. పొద్దున్నుంచి రాత్రి దాక ఒక్క బిట్టుకు ఎన్ని సెకండ్లన్నదే సదువు. ఆ నరకంల మన పిల్లలను తోయమని మేం అంటలేం. గురుకులాలున్నయి. గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి పోయి ఐఐటీల్ల సీట్లు తెచ్చుకున్న మన పిల్లలున్నరు. కూలోళ్ల బిడ్డలు, ఊర్లళ్ల బడుల్ల సదివిన బిడ్డలు. మంచి సారు, మూడు పూటల బువ్వ, సదువుకునే జాగ దొరికితే ఏమైతదో వాళ్లు చూపిచ్చిన్రు. "మీకు రావు" అన్నోళ్లకు అంతకంటే జవాబు లేదు. కానీ సర్కారు ఆ కొంతమంది ఫోటోలు గోడలకు అతికిచ్చి, మండల కాలేజీల పిల్లలను మర్చిపోతే ఎట్ల? ఏరిన పదిమందికి పట్టుపరుపు, ఏరనోళ్లకు సదువు సగమైనంక వచ్చే గెస్ట్ లెక్చరర్! సదిశలు అయిపోవాల్సిన నెలల సారే రాకపోతే, పిల్ల ఫెయిలైతే, తప్పు పిల్ల కులానిదా?

ఇగ మన సంగతి. ఇది చెప్పకుంటే ఈ వ్యాసం సగమే. మన ఉద్యమం పాట నేర్పింది. డప్పు నేర్పింది. లా సదువుమన్నది, జర్నలిజం సదువుమన్నది. అవన్నీ కావాల్సినవే. కానీ లెక్కలంటే మనం గూడ దూరం జరిగినం. "అవి వాళ్ల సదువులు, మనకు సమాజం కావాలె" అని సభల్ల అన్న పెద్దలున్నరు. మేం గూడ చప్పట్లు కొట్టినం. ఆ మాట వినసొంపుగ ఉంటది గాని, బల్ల అవతలాయన అన్న మాటకూ దీనికీ తేడా ఏంది? ఆయన మనకు రావన్నడు, మనం మనకొద్దన్నం. జాగ ఖాళీగ ఉన్నది మాత్రం ఒక్కటే.

అమెరికాల నల్లోళ్ల ఉద్యమంల ఈ సంగతి ముందుగాల పట్టుకున్న మనిషి బాబ్ మోజెస్. లెక్కల మాస్టరు. 1960ల మొదట్ల మిసిసిపి పోయి, నల్లోళ్లను ఓటరు లిస్టుల ఎక్కిచ్చెటందుకు దెబ్బలు తిన్నడు, జైలుకు పోయిండు. అక్కడ ఓటు అడిగిన నల్లమనిషికి అక్షరాల పరీక్ష పెట్టి ఫెయిల్ చేసి ఎల్లగొట్టేటోళ్లు. చట్టం మారింది, ఓట్లొచ్చినయి. ఇరవయేండ్లకు ఆయన చూస్తే అదే పరీక్ష బడిల బీజగణితం వేషం కట్టుకొని నిలబడ్డది. 1982ల 'ఆల్జీబ్రా ప్రాజెక్ట్' పెట్టిండు. ఓటు హక్కు ఎట్లనో బీజగణితం అట్ల అన్నడు, 2021ల చనిపోయేదాక ఆ పనిలనే ఉన్నడు. పిల్లలను రైలు ఎక్కిచ్చి, ఎన్ని స్టేషన్లు ఎటు దిక్కు పోయినమో గీయమని, దాని నుంచి ధన రుణ సంఖ్యలు నేర్పిండు. 1972ల మన దళిత్ పాంథర్లు నల్లోళ్ల నుంచి పేరు తెచ్చుకున్నరు. పేరు తెచ్చుకున్నం, ఈ పని తెచ్చుకోలే.

అందుకని వచ్చే జూన్‌ల పిల్ల ఎంబడి అయ్య ఒక్కడే పోవద్దు. వాడ నుంచి ఇద్దరు ముగ్గురు సదువుకున్నోళ్లు ఎంబడి పోవాలె. సీఈసీ అని ఎవరన్న రాసిస్తే, "ఎందుకు? కాగితం మీద కారణం రాసియ్యి" అని అడగాలె. లెక్కల లెక్చరర్ ఉన్నడా, ఏ నెల నుంచి వస్తడు, పుస్తకాలు ఎప్పుడిస్తరు, ఇవి ఆనాడే అడగాలె, మార్చిల కాదు. ఎస్సీ హాస్టళ్లల్ల రాత్రి పూట ఇంటర్ లెక్కలు చెప్పే మనిషిని పెట్టమని జిల్లా అధికారులకు దరఖాస్తులు పోవాలె, ఒకటి కాదు, వాడకొకటి. అంబేద్కర్ సంఘం గదుల్ల క్యారంబోర్డు ఉన్నది, ఉండనీ, దాని పక్కన ఒక నల్లబల్ల కట్టండి. ఇంజనీరింగ్ సదివి హైదరాబాద్‌ల, బెంగళూరుల కొలువులు చేసే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏప్రిల్ 14కు వచ్చి దండేసి సెల్ఫీ దిగి పోతున్నరు. ఇంకో ఆదివారం గూడ రండి. ఒక అధ్యాయం, ఒక్కటే, చెప్పి పోండి. ఆ నల్లబల్ల ఎనక ఎవరి సద్దిగిన్నెలూ ఉండవు.

కిందటి సంచికలకు పాటలు, కవితలు మస్తు వచ్చినయి. ఈసారి మాకు ఒక లెక్క చేసి పంపాలె. ఒక ఊర్ల నీళ్ల కమిటీకి ఐదుగురు కావాలె. నిలబడ్డోళ్లు ఊరోళ్లు 8 మంది, వాడోళ్లు 6 మంది. కమిటీల వాడోళ్లు కనీసం ఇద్దరుండాలె. ఆ ఐదుగురిల ఒకరు అధ్యక్షులు, ఆ అధ్యక్షులు వాడమనిషే కావాలె. అట్లాంటి కమిటీలు ఎన్ని తీర్ల ఏర్పడతయి? జవాబు ఒక్కటే రాసి పంపకండి. ఏ బాటన పోయిన్రో అది గూడ రాయండి. ఎక్కడ ఆగిపోయిన్రో ఆ జాగ రాసినా సరే, అక్కడి నుంచి వచ్చే సంచికల మొదలుపెడతం.